నెత్తురు చూపించి అమ్మే ఆటలు

పసిపిల్లల హృదయంలో అల్లాహ్ ఉంచిన జాలిని ఎవరూ వారికి నేర్పలేదు. బక్రీద్‌కు నాలుగైదు రోజుల ముందు ఇంటికి వచ్చిన మేకకు పిల్లలు ఆకులు మేపుతారు, నీళ్లు పెడతారు, దానికొక పేరు కూడా పెట్టుకుంటారు. పండుగనాడు ఖుర్బానీ వేళకు వారిలో కొందరు లోపలి గదిలోకి వెళ్లి ఏడుస్తారు. పెద్దలు చూసి నవ్వుతారు, దగ్గరకు తీసుకుని ఓదారుస్తారు. ఆ కన్నీళ్లు సిగ్గుపడవలసినవేమీ కావు. సోదర సోదరీమణులారా! అదే పిల్లవాడు పదమూడేళ్లకు తెర ముందు కూర్చొని, ఎదుటి మనిషి బొమ్మ తల తెగి పడుతుంటే కేకలు వేసి నవ్వుతున్నాడంటే ఈ మధ్యకాలంలో అతని హృదయానికి ఏం జరిగింది? వీడియో గేముల్లోని హింసను గురించి మేము ఈ ప్రశ్నతోనే మాట్లాడదలచాము.

ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి. ఈ ఆటలు ఆడిన ప్రతి కుర్రాడూ హంతకుడవుతాడని మేము చెప్పడం లేదు. కొందరు ప్రసంగీకులు అలా చెబుతుంటారు. అది అతిశయోక్తి, విశ్వాసికి అతిశయోక్తి తగదు. హింసాత్మక వీడియో గేములకు, దురుసు ప్రవర్తనకు సంబంధం కనిపిస్తోందని అమెరికాలోని మనస్తత్వవేత్తల సంఘం 2015లో తీర్మానించింది. 2020లో అదే సంఘం ఆ తీర్మానాన్ని మళ్లీ పరిశీలించి, కేకలు వేయడం, తోసుకోవడం వంటి దురుసుతనానికి స్వల్ప సంబంధం ఉన్నా, నిజమైన హింసాకాండకు ఈ ఆటలే కారణమనడానికి తగిన ఆధారం లేదని వివరించింది. కనుక పోలీసు స్టేషను భయం చూపి పిల్లలను మాన్పించాలనుకుంటే ఆ వాదన నిలబడదు. పిల్లలు మనకంటే తెలివైనవారు, రెండు నిమిషాల్లో దాన్ని కొట్టిపారేస్తారు.

అయితే తన బిడ్డ హంతకుడు కాకపోతే చాలని తృప్తిపడే తల్లిదండ్రులు ఎవరైనా ఉంటారా? ఒక పల్లెటూరి అరబ్బు వ్యక్తి దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) వద్దకు వచ్చి, మీరు పిల్లలను ముద్దాడతారా, మేమైతే అలా చేయమే అని ఆశ్చర్యపోయాడు. అల్లాహ్ నీ హృదయంలోంచి కారుణ్యాన్ని తీసివేసి ఉంటే నేను చేయగలిగిందేముంది అన్న భావంతో ఆయన (స) అతనికి సమాధానమిచ్చారు. హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీలో ఉంది. గమనించండి, ఆ మనిషి ఎవరినీ చంపలేదు, ఎవరినీ కొట్టలేదు. అతని గుండెలో ఒక తడి ఆరిపోయింది, అంతే. దైవప్రవక్త (స) దానినే పెద్ద నష్టంగా చూశారు.

ఇక ఈ ఆటల సంగతి చూద్దాం. 1992లో అమెరికాలో మిడ్‌వే అనే సంస్థ నాణేలు వేసి ఆడే యంత్రాల కోసం 'మోర్టల్ కొంబాట్' అనే పోరాటపు ఆటను విడుదల చేసింది. ఇద్దరు కొట్టుకుంటారు, ఒకరు ఓడిపోతారు. అంతవరకైతే అది కుస్తీపోటీ లాంటిదే. కానీ ఓడినవాడు నిలబడలేక తూలుతుండగా, గెలిచినవాడికి మరో అవకాశం ఇస్తారు. సరైన బటన్లు నొక్కితే ఎదుటివాడి గుండెను పెకలించవచ్చు, తలను వెన్నెముకతో సహా ఊడబెరకవచ్చు. దీనికి 'ఫెటాలిటీ' అని పేరు పెట్టారు. ఆట అప్పటికే ముగిసింది, గెలుపు ఖాయమైపోయింది. మిగిలింది శవంతో చేసే వినోదం.

మరుసటి ఏడాది, 1993 సెప్టెంబరులో ఈ ఆట ఇళ్లలో ఆడుకునే యంత్రాలకు వచ్చింది. అక్కడ జరిగిన సంగతి మేధావులు రాసిన ఎన్నో పుస్తకాలకంటే ఎక్కువ బోధిస్తుంది. నింటెండో సంస్థ తన యంత్రంలో నెత్తురు కనిపించరాదన్నది. దానితో ఎర్రని రక్తం స్థానంలో బూడిదరంగు చెమట చుక్కలు పెట్టారు, అతిభీకరమైన దృశ్యాలను మార్చారు. పోటీదారైన సెగా యంత్రంలో మాత్రం ఒక రహస్య సంకేతం ఉంచారు, కొన్ని బటన్లు వరుసగా నొక్కితే రక్తమంతా తెరమీదికి వస్తుంది. ఆట ఒకటే, దెబ్బలు అవే, గెలుపోటములు అవే. సెగా వారి ఆటే చాలా ఎక్కువగా అమ్ముడుపోయింది. 1994లో రెండవ భాగం వచ్చినప్పుడు నింటెండో కూడా నెత్తురును అనుమతించింది.

దీని అర్థమేమిటి? ఆటకు రక్తం అవసరం లేదన్నమాట. దానిని తీసినా ఆట ఆటలాగే ఉంటుంది. నెత్తురు అంగడిలో విడిగా తూకం వేసి అమ్మే సరుకు. దాన్ని కోరి కొన్నవారు ఉన్నారు కనుక అమ్మారు.

ఇదొక్కటే కాదు. 1997లో బ్రిటన్‌లో 'కార్మగెడన్' అనే కార్ల ఆట వచ్చింది. దారినపోయే పాదచారులను కారుతో తొక్కించినందుకు అందులో లాభం కలుగుతుంది. అక్కడి సెన్సారు సంస్థ మొదట సర్టిఫికెట్ ఇవ్వలేదు. తయారీదారులు మనుషులను తీసివేసి ఆకుపచ్చ నెత్తురున్న బతికొచ్చిన శవాలను పెట్టి అమ్ముకున్నారు. తరువాత అప్పీలులో గెలిచి మనుషులను మళ్లీ తెచ్చారు. మన దేశంలోనూ ఇటువంటిది జరిగింది. 2020 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వం పబ్జీని నిషేధించింది. ఆ నిషేధానికి కారణం హింస కాదు, దేశభద్రత. మరో 117 చైనా సంబంధిత యాప్‌లతో కలిపి దాన్ని ఆపారు. మరుసటి ఏడాది అదే ఆట 'బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా' అన్న పేరుతో వచ్చినప్పుడు, తూటా తగిలినచోట చిమ్మే రక్తం ఆకుపచ్చగా మారింది. మన కుర్రాళ్లు ఒక్క పూట కూడా ఆగకుండా ఆడారు. రంగు మార్చినందువల్ల ఆటకు ఏ లోపమూ రాలేదు.

రెండవ సంగతి, దిగ్భ్రాంతి కలిగించడమే వ్యాపారంగా మారడం. ఇది కొత్తదేమీ కాదు. 1976లో ఎక్సిడీ అనే సంస్థ తెచ్చిన 'డెత్ రేస్' ఆటలో పుల్లలవంటి ఆకారాలను కారుతో గుద్దితే ఒక కేక వినిపించి, ఆ చోట సమాధి గుర్తు మిగిలేది. పత్రికలు దుమ్మెత్తి పోశాయి. ఆ గొడవ వల్ల సంస్థ అమ్మకాలు పెరిగాయే తప్ప తగ్గలేదు. 2014లో పోలండుకు చెందిన ఒక సంస్థ 'హేట్రెడ్' అనే ఆట ప్రకటన చిత్రాన్ని విడుదల చేసింది. అందులో కథానాయకుడి పని అమాయకులైన బాటసారులను ఏ కారణమూ లేకుండా చంపడం. ప్రపంచమంతా ఛీకొట్టింది. ఆటలమ్మే 'స్టీమ్' అంగడి దాన్ని తీసివేసి, కొద్దిరోజుల్లోనే మళ్లీ పెట్టింది. 2015లో అది అమ్మకానికి వచ్చింది. ఇటువంటి సరుకుకు మన కోపం కూడా ప్రకటనే. ఏ ఆటనైనా దాని పేరు పదేపదే తలచి, దాని దృశ్యాలను వాట్సాప్‌లో అందరికీ పంపి, చూడండి ఎంత ఘోరమో అని చెప్పే సోదరులు ఈ సంగతి కొంచెం ఆలోచించాలి. మేమూ ఇక్కడ అవసరమైన పేర్లు మాత్రమే చెప్పాము.

ఒకరిని భయపెట్టి నవ్వుకోవడాన్ని ఇస్లాం తేలికగా తీసుకోలేదు. ఒక ప్రయాణంలో సహాబీలలో ఒకరు నిద్రపోతుండగా, మరొకరు వెళ్లి ఆయన వద్ద ఉన్న తాడును తీసుకున్నారు. నిద్రపోతున్న వ్యక్తి ఉలిక్కిపడి లేచాడు. అది వేళాకోళమే, ఎవరికీ గాయం కాలేదు. అయినా ముస్లిం మరో ముస్లింను భయపెట్టడం ధర్మసమ్మతం కాదని దైవప్రవక్త (స) చెప్పారని అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. తాడు ముక్క విషయంలోనే ఇంత జాగ్రత్త చెప్పిన ధర్మం, భయాన్నే పెట్టుబడిగా పెట్టిన వినోదాన్ని ఎలా చూస్తుందో వేరే చెప్పాలా?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మరణించినవాని దేహాన్ని ఛిద్రం చేయడాన్ని, అవయవాలు కోయడాన్ని అరబీలో 'ముస్లా' అంటారు. అజ్ఞానకాలపు అరబ్బులకు యుద్ధంలో అది ప్రతీకారం తీర్చుకునే పద్ధతి. హిజ్రీ 3వ సంవత్సరంలో జరిగిన ఉహుద్ యుద్ధంలో దైవప్రవక్త (స) పినతండ్రి హజ్రత్ హమ్జా (రజి) అమరులయ్యారు. శత్రువులు ఆయన పార్థివదేహాన్ని చీల్చి, ముక్కూ చెవులూ కోశారు. ఆ దేహం ముందు నిలబడిన దైవప్రవక్త (స) ఎంత తల్లడిల్లి ఉంటారో ఊహించండి. సహచరుల్లో ప్రతీకార భావం పొంగింది. అప్పుడు, ప్రతీకారం తీర్చుకుంటే జరిగినంతకే పరిమితం కావాలని, సహనం వహిస్తే అది మరింత మేలని దివ్యఖుర్‌ఆన్‌లోని నహ్ల్ సూరా బోధించింది. దైవప్రవక్త (స) సహనాన్నే ఎంచుకున్నారు. ఆ తరువాత సైన్యాన్ని పంపినప్పుడల్లా సేనానికి చెప్పే మాటల్లో ముస్లా చేయరాదని, పిల్లలను చంపరాదని తప్పక చెప్పేవారు. అంటే, చంపవలసి వచ్చిన శత్రువు విషయంలో సైతం, అతడు నేలకూలిన తరువాత మన చేయి ఆగిపోవాలి. 'ఫెటాలిటీ' మొదలయ్యేది సరిగ్గా అక్కడే.

పశువు విషయంలోనూ ఇంతే. ఒక వ్యక్తి మేకను పడుకోబెట్టి, దాని కళ్లముందే కత్తి నూరుతుంటే దైవప్రవక్త (స) మందలించారు. దాన్ని ఒకసారి కాక పలుసార్లు చంపదలచావా, పడుకోబెట్టకముందే కత్తి నూరుకోకూడదా అన్నది ఆ మందలింపు సారాంశం. మన ఖుర్బానీని వేలెత్తి చూపి, మీ పండుగలో నెత్తురు లేదా అని అడిగేవారికి ఇందులోనే జవాబుంది. కత్తిని పశువుకు కనిపించకుండా దాచడం, అల్లాహ్ పేరు ఉచ్చరించడం, పని త్వరగా ముగించడం, మాంసాన్ని పేదలకు పంచడం అక్కడి పద్ధతి. బాధను సాగదీసి, దగ్గరగా చూపి, చప్పట్లు కొట్టించడం ఈ ఆటల పద్ధతి. (ఖుర్బానీ దృశ్యాలను ఫోనులో చిత్రీకరించి స్టేటస్‌లుగా పెట్టే యువకులు మాత్రం ఈ తేడాను తామే చెరిపేస్తున్నారు.)

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఒకరోజు వెళ్తుండగా ఖురైషు యువకులు కొందరు ఒక పక్షిని కట్టివేసి, గురిపెట్టి బాణాలు వేస్తున్నారు. ఉచితంగా కాదు. గురితప్పిన ప్రతి బాణమూ పక్షి యజమానికి చెందుతుందని ఒప్పందం. అంటే అది డబ్బు చెల్లించి ఆడే ఆటే. ఆయనను చూడగానే అందరూ చెల్లాచెదురయ్యారు. ప్రాణమున్న దేనినైనా గురికి లక్ష్యంగా చేసుకున్నవారిని దైవప్రవక్త (స) శపించారని ఆయన వారికి తెలియజేశారు. ముస్లిం హదీసు గ్రంథంలో ఈ సంఘటన ఉంది. ఆయనను చూసి యువకులు పారిపోయారన్న విషయం గమనించదగ్గది. తాము చేస్తున్నది ఏమిటో వారికి తెలుసు. మనం గదిలోకి రాగానే మన పిల్లవాడు చటుక్కున తెర మారుస్తున్నాడంటే అతనికీ తెలుసు, ఆ తెలియడం ఇంకా బతికే ఉంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. పక్షికి ప్రాణముంది, తెరమీది బొమ్మకు లేదు కదా? నిజమే. రెండింటికీ ఒకే తీర్పు అని మేము అనము. ఏ ఆటకు ఏ హుకుం వర్తిస్తుందో చెప్పవలసింది ఉలమాలు, దానికి మేము అర్హులం కాము. కానీ బొమ్మకు నొప్పి లేకపోయినా, చూసేవాడి హృదయానికి ప్రాణముంది. ప్రతి పాపమూ హృదయంపై ఒక నల్లచుక్క వేస్తుందని, పశ్చాత్తాపపడితే అది తొలగుతుందని, లేకపోతే పెరిగి హృదయాన్నంతా కమ్ముకుంటుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. బొమ్మ ప్రభావం ఎంతో తెలుసుకోవాలంటే వాటిని గీసేవారి సంగతి వినండి. 2019లో మోర్టల్ కొంబాట్ 11వ భాగం విడుదలైనప్పుడు, దాని తయారీలో పనిచేసిన ఒకరు పేరు వెల్లడించకుండా ఒక పత్రికతో మాట్లాడారు. గాయాలు సహజంగా కనిపించేందుకు నిజమైన హత్యల చిత్రాలు, పశువధ దృశ్యాలు చూడవలసి వచ్చేదని, పీడకలలతో నిద్రకు దూరమయ్యానని, చివరికి వైద్యులు తనకు తీవ్ర మానసిక ఆఘాత లక్షణాలున్నట్టు నిర్ధారించారని ఆయన చెప్పారు. అతను జీతానికి చూసినదే మన పిల్లలు ఆనందానికి చూస్తున్నారు.

ఇప్పుడు చెప్పబోయే విషయం మనలో కొందరికి చేదుగా ఉండవచ్చు. 2021 నవంబరులో 'కాల్ ఆఫ్ డ్యూటీ: వ్యాన్‌గార్డ్' అనే ఆటలో ఒకచోట దివ్యఖుర్‌ఆన్ పుటలు నేలమీద, నెత్తుటి మరకలతో పడి ఉన్నాయని ముస్లిం యువకులు గుర్తించారు. ప్రపంచమంతటా నిరసన వెల్లువెత్తింది. ఆక్టివిజన్ సంస్థ అరబీ భాషలో క్షమాపణ కోరి, ఆ పుటలను తొలగించింది. నిరసన సరైనదే. అల్లాహ్ గ్రంథాన్ని గౌరవించడం మన ఈమాన్‌లో భాగం. అయితే ఆ పుటలను కనిపెట్టిందెవరు? ఆట ఆడుతున్న మన యువకులే. నేల మీద పుటలు కనిపించగానే వారి గుండె కలుక్కుమంది, కానీ అదే నేలను తడిపిన నెత్తురు అప్పటిదాకా వారికి కనిపించనే లేదు. పుటలు పోయాయి, ఆట సాగింది.

బాణాల యువకులను ఆపిన అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి)యే మరోసారి కాబా గృహం వైపు చూసి, నీవెంత మహోన్నతమైనదానివి, నీ పవిత్రత ఎంత గొప్పది, అయినా అల్లాహ్ వద్ద విశ్వాసి పవిత్రత నీకంటే గొప్పది అన్న అర్థంలో పలికారని తిర్మిజీ గ్రంథంలో ఉంది. విశ్వాసి సంగతే కాదు. ఒక యూదుని శవయాత్ర వెళ్తుంటే దైవప్రవక్త (స) లేచి నిలబడ్డారు. అతను యూదుడు కదా అని ఎవరో అంటే, అతనిదీ ఒక ప్రాణం కాదా అని ఆయన ఎదురు ప్రశ్నించారు. ఒక ప్రాణాన్ని అన్యాయంగా తీయడం సమస్త మానవాళినీ చంపడంతో సమానమని మాయిదా సూరా బోధిస్తోంది. అంతటి విలువైన మానవదేహం పది రూపాయల మందుగుండులా పేలుతుంటే చూసి ఆనందించడం ఆ బోధకు ఏ విధంగా సరిపోతుంది?

ఈ ఆటల్లో చచ్చేది ఎవరన్నది కూడా చూడాలి. ఇరాక్‌లోని ఫల్లూజా నగరంలో 2004 నవంబరు, డిసెంబరు నెలల్లో ఘోర యుద్ధం జరిగింది. ఇళ్లు నేలమట్టమయ్యాయి, సామాన్యులు మరణించారు. అయిదేళ్లు తిరగకముందే, 2009లో, ఆ యుద్ధాన్ని 'సిక్స్ డేస్ ఇన్ ఫల్లూజా' పేరుతో ఆటగా ప్రకటించారు. విమర్శలు రావడంతో ప్రచురించవలసిన జపాను సంస్థ కోనామీ వెనక్కి తగ్గింది. 2021లో మరో సంస్థ దానిని మళ్లీ చేపట్టింది. అమెరికాలోని ముస్లిం సంస్థ 'కెయిర్' దాన్ని అమ్మవద్దని పెద్ద కంపెనీలను కోరింది. అయినా 2023 జూన్‌లో అది మార్కెట్లోకి వచ్చింది. ఫల్లూజాలో ఆ రోజు తన బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఇంకా జీవించే ఉండవచ్చు. తన వీధి, తన ఇంటి గుమ్మం ఇప్పుడు ఎవరో సరదాగా తుపాకీతో దూరే చోటని ఆమెకు ఎవరు చెబుతారు?

చట్టం కాపాడుతుందని ఎదురుచూడడం వల్ల ప్రయోజనం లేదు. మోర్టల్ కొంబాట్ గొడవ తరువాత 1993 డిసెంబరులో అమెరికా సెనేట్ విచారణ జరిపింది. దాని ఫలితంగా 1994లో పరిశ్రమే తన ఆటలకు వయసుల గుర్తులు వేసుకునే సంస్థను పెట్టుకుంది. కాలిఫోర్నియా రాష్ట్రం పిల్లలకు హింసాత్మక ఆటలు అమ్మరాదని చట్టం చేస్తే, 2011లో అక్కడి సుప్రీంకోర్టు భావప్రకటనా స్వేచ్ఛ పేరున దానిని కొట్టివేసింది. మన ఇళ్లలో పిల్లల చేతికి ఫోను ఇచ్చేది చట్టం కాదు, మనమే. ఏ ఆటనైనా దించుకునేటప్పుడు పేరు పక్కనే 12, 16, 18 అని అంకె కనిపిస్తుంది. పెట్టె మీద కొన్నా అంతే. ఎంతమంది తండ్రులు దానివంక చూశారు? అన్నం తినడం లేదని నాలుగేళ్ల బిడ్డకు ఫోను అలవాటు చేసి, పద్నాలుగేళ్లకు లాక్కుంటే తప్పెవరిది?

కొందరు కోపం పట్టలేక ఫోనును నేలకేసి కొడతారు. దానివల్ల పిల్లవాడు నేర్చుకునేది, కోపం వస్తే పగలగొట్టవచ్చునని. మరికొందరు ఆటలన్నీ హరామే అనేస్తారు. అదీ సరికాదు. దైవప్రవక్త (స) పరుగుపందేలను, గుర్రపుస్వారీని, విలువిద్యను ప్రోత్సహించారు. యుద్ధవిద్యకు సంబంధించిన ఆటే అయినా వద్దనలేదు. ఒక ఈద్ రోజున అబిసీనియా వాసులు మస్జిదె నబవీలో ఈటెలతో విన్యాసాలు చేస్తుంటే, హజ్రత్ ఆయిషా (రజి)కు చూడాలనిపించింది. దైవప్రవక్త (స) ఆమెను తన వెనుక నిలబెట్టుకుని, తన భుజం మీదుగా చూడనిచ్చారు. ఇక చాలని ఆమెకు అనిపించేవరకు ఆయన అక్కడే నిలబడి ఉన్నారు. అక్కడ ఆయుధాలున్నాయి, నైపుణ్యముంది, నవ్వులున్నాయి, గాయపడినవారెవరూ లేరు.

అల్లాహ్ దైవప్రవక్త (స)కు అప్పగించిన పనులతో పోలిస్తే మన పనులెంత? అయినా ఆయనకు నిలబడి చూసే తీరిక దొరికింది. వేసవి సెలవులు వచ్చాక ఒక సాయంత్రం, అసర్ నమాజు తరువాత, అబ్బాయి పక్కన అరగంట కూర్చోండి. మందలించడానికి కాదు. ఏమి ఆడుతున్నావో నాకూ చూపించు బేటా అని అడగండి. వాడు ఏయే చోట్ల నవ్వుతున్నాడో, ఏయే చోట్ల మీవైపు ఓరగా చూస్తున్నాడో గమనించండి. వాడు ఓరగా చూసిన చోటు గురించే ముందు మాట్లాడండి.